కాలువకు నీరు, కొండకు నోటీసు

విజయవాడ ఎదుగుదల గురించి మనకు బాగా అలవాటైన కథ ఒకటి ఉంది. కృష్ణ మీద ఆనకట్ట వచ్చింది, కాలువలు పారాయి, డెల్టా వరి పండించింది, రైళ్లు వచ్చాయి, మిగులు ధనం పట్నం చేరింది, కష్టజీవులైన రైతుబిడ్డలు వ్యాపారులై, సినీ నిర్మాతలై, విద్యాసంస్థల అధిపతులై నగరాన్ని నిలబెట్టారు. ఈ కథలో అబద్ధం లేదు. సగం మాత్రమే ఉంది. నది ఉంది, కాలువ ఉంది, పొలం ఉంది, పెట్టుబడి ఉంది. కొండ లేదు. ఉన్నా అమ్మవారి గుడికి పీఠంగానో, గాంధీ స్తూపానికి వేదికగానో ఉంది. ఇంద్రకీలాద్రి వాలు మీద, మొగల్రాజపురం, గుణదల, మాచవరం, చిట్టినగర్, విద్యాధరపురం, వించిపేట కొండల మీద తరాలుగా కాపురాలుంటున్న మనుషులు ఆ కథలో ఎక్కడా కనిపించరు.

వాళ్లు ఎవరు? కింద ఇంత చదునైన నేల ఉండగా బండరాళ్ల మీదికి ఎందుకు వెళ్లారు? ఇన్నేళ్లు గడిచినా వాళ్లలో చాలామంది చేతిలో ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఓటరు గుర్తింపు కార్డు ఉండి, పట్టా మాత్రం ఎందుకు లేదు? ఈ ప్రశ్నలను పట్టణ ప్రణాళికకూ, రెవెన్యూ శాఖకూ వదిలేయడం మనకు అలవాటు. ఇవి ముందుగా కులప్రశ్నలని నా వాదన. డెల్టాలో నేల ఎవరికి దక్కిందో, ఎవరికి దక్కలేదో తెలియకుండా విజయవాడ కొండలు అర్థం కావు.

మొదటి నుంచీ చూద్దాం. 1832-33లో వచ్చిన కరువును గుంటూరు ప్రాంతం డొక్కల కరువుగా గుర్తుపెట్టుకుంది. అది ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేసింది. ఆ విధ్వంసం, దానితోపాటు కంపెనీ ఖజానాకు వచ్చిపడిన నష్టం, కృష్ణ మీద ఆనకట్ట ఆలోచనకు బలమిచ్చాయి. గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలైన పని 1855లో పూర్తయింది. ఆ పనికి బెజవాడను ఎంచుకోవడానికి కారణం కొండలే. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ నదిని రెండువైపులా ఒత్తిపట్టడంతో అక్కడ కృష్ణ ఇరుకవుతుంది. ఆనకట్టకు కావలసిన రాయి కూడా పక్కనే దొరికింది. అంటే డెల్టా భాగ్యానికి మొదటి ముడిసరుకు కొండ.

ఆ కొండను పగలగొట్టింది ఎవరు? తెలుగునాట రాతిపని, మట్టిపని, మోతపని ఏనాడూ కులంతో నిమిత్తం లేకుండా జరగలేదు. రాయి కొట్టడం వడ్డెరల వంతు, మట్టి తవ్వడం ఉప్పరుల వంతు, అన్నిటికీ కింద మిగిలే కూలిపని మాల మాదిగల వంతు. కాలువ తవ్విన చేతుల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఓర్ దొర పేరు మాత్రం ఒక కొండకు పెట్టారు. 1968లో ఆ ఓర్ కొండ మీదే 52 అడుగుల గాంధీ స్తూపాన్ని అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఆవిష్కరించారు. నాటి నుంచి అది గాంధీకొండ. ఒకే కొండకు రెండుసార్లు పేరు పెట్టారు. రెండుసార్లూ రాయి మోసినవాడు గుర్తుకు రాలేదు.

ఆనకట్ట నీరు ఎవరికి చేరింది? ఇది ఈ చర్చలో కీలకం. నీరు మనుషులకు పంచబడలేదు, భూమికి పంచబడింది. భూమి ఉన్నవాడికే నీరు. ప్రభుత్వ ధనంతో కట్టిన ఆనకట్ట, ప్రభుత్వ ధనంతో తవ్విన కాలువలు అప్పటికే భూమి చేతిలో ఉన్న కులాల భూమి విలువను ఎన్నో రెట్లు పెంచాయి. పాత ఆనకట్ట 1952లో తెగినప్పుడు దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అదీ ప్రజాధనమే. నేడు కృష్ణా డెల్టా ఆయకట్టు 13 లక్షల ఎకరాల పైచిలుకు. ఆ ఎకరాల్లో కలుపు తీసిన, నాట్లు వేసిన, కోతలు కోసిన స్త్రీలలో ఎంతమంది పేరు మీద ఒక్క సెంటు భూమి ఉంది? సమాధానం మన ఊళ్లలో అందరికీ తెలుసు. రైతు కష్టపడలేదని నేను అనడం లేదు. తరాల తరబడి నీటిపన్ను కట్టి, తుపానులకు ఎదురొడ్డి సేద్యం చేసిన రైతు శ్రమ నిజమైనది. ఆ శ్రమకు రాజ్యం నీటి రూపంలో తోడు నిలిచింది. అదే పొలంలో చేసిన కూలి శ్రమకు రాజ్యం ఏ తోడూ ఇవ్వలేదు. తేడా అక్కడ మొదలైంది.

1889లో నిజాం రైలు మార్గం బెజవాడ చేరింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన తెరుచుకుంది. 1901 జనాభా లెక్కల నాటికి బెజవాడ సుమారు 24 వేల జనాభా ఉన్న పట్నం. 2011 నాటికి అది పది లక్షలు దాటింది. ఈ మధ్యకాలంలో డెల్టా మిగులు ఎలా పట్నం దారి పట్టిందో పరిశోధకులు వివరంగా చెప్పారు. వరి మిగులు రైసుమిల్లయింది, లారీ అయింది, గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసయింది, ఆటోనగర్‌లో షెడ్డయింది, చివరికి రెసిడెన్షియల్ కళాశాల అయింది. కె.బాలగోపాల్ 1980లలో ‘ప్రొవిన్షియల్ ప్రాపర్టీడ్ క్లాస్’ అని పేర్కొన్న వర్గం ఇదే: పల్లెలో పొలం, పట్నంలో వ్యాపారం, రాజధానిలో పలుకుబడి. ఆ పొలం నుంచి ఆ పలుకుబడి దాకా ఉన్న ప్రతి మెట్టులోనూ కులబంధం పనిచేసింది. అప్పు ఇచ్చేవాడు, భాగస్వామిగా చేరేవాడు, కుల హాస్టల్లో సీటిచ్చేవాడు, పెళ్లి సంబంధం కలుపుకునేవాడు ఒకే వలలో ఉన్నారు. దానికి ‘చొరవ’ అని పేరు పెట్టాం.

భూమి లేనివాళ్లూ అదే పట్నానికి వచ్చారు. వాళ్ల వెనుక మిగులు లేదు, వెంట వల లేదు. రైల్వే కూలీలుగా, గోదాముల హమాలీలుగా, రిక్షా కార్మికులుగా, తాపీ మేస్త్రీల దగ్గర మోతకూలీలుగా, ఇళ్లలో పనివాళ్లుగా వచ్చారు. పట్నం మురుగు ఎత్తడానికి రెల్లి కులస్థులు వచ్చారు. ఉత్తరాంధ్ర కరువు పల్లెల నుంచి వచ్చారు. కొందరు కూలి కోసం వచ్చారు, కొందరు ప్రాణం కోసం వచ్చారు. విజయవాడకు కూతవేటు దూరంలోని కంచికచర్లలో 1968లో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం నెపంతో సజీవ దహనం చేశారు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. డెల్టా పచ్చదనం కింద ఏముందో ఈ పేర్లు చెబుతాయి. ఊరు కులానికి కోట అనీ, అణచివేతకు గురైనవారికి నగరమే కొంత ఊపిరి అనీ అంబేడ్కర్ ఊరికే భావించలేదు.

నగరం ఊపిరి ఇచ్చింది గానీ నేల ఇవ్వలేదు. చుట్టూ మాగాణి కాబట్టి విజయవాడలో చదును నేలకు మొదటి నుంచీ ధర ఎక్కువ. ప్రతి గజానికీ ఒక యజమాని ఉన్నాడు. యజమాని లేని చోట్లు మూడే మిగిలాయి: కాలువగట్టు, నదిగట్టు, కొండవాలు. ఏ చోటుకు ధర లేదో ఆ చోటే కులం చేత భూమి లేకుండా చేయబడ్డవారికి దక్కింది. పల్లెలో వాడ ఊరికి పడమరనో దక్షిణాననో చివర ఉండేది. విజయవాడలో ఆ ‘చివర’ నిలువుగా పైకి లేచి నిలబడింది.

కొండల మీద అందరూ దళితులేనా అని అడిగేవారుంటారు. కాదు. వెనుకబడిన కులాలవారున్నారు, ముస్లింలున్నారు, పై కులాల పేదలూ ఉన్నారు. కానీ పై కులం పేదవాడికి ఊళ్లో అరెకరమో, పట్నంలో బంధువో, కులసంఘం వసతిగృహమో ఉండే అవకాశం ఎక్కువ. అతను కొండ దిగే దారులు ఎక్కువ. రెండో తరానికి ఎవరు దిగారు, మూడో తరానికీ ఎవరు పైనే మిగిలారు అన్నది లెక్కతీస్తే కులం ముఖం బయటపడుతుంది. ఆ లెక్క ఇంతవరకు ఎవరూ ప్రజల ముందు పెట్టలేదు.

ఈ కొండలకూ కులానికీ ఉన్న సంబంధానికి చరిత్రలో ఒక సాక్ష్యం ఉంది. 1917 నవంబరులో బెజవాడలో ప్రథమ రాష్ట్ర పంచమ మహాసభ జరిగింది. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. ‘పంచమ’ అనే పిలుపును తిరస్కరించి, మేము ఈ నేల ఆదివాసులం, ఆది ఆంధ్రులం అని ఆ సభ ప్రకటించుకుంది. సభ జరిగిన మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసివేశారని దళితోద్యమ చరిత్రకారులు నమోదు చేశారు. సభకు వచ్చినవారు కొండెక్కి గుడిలోకి వస్తారేమోనన్న భయం. గుడి ఉన్న కొండ మీదికి వారు రాకూడదు. గుడి లేని కొండ మీద బండల మధ్య బతికితే మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు, ఆ బండలకు ధర వచ్చేంతవరకు.

ధర వచ్చాక ‘ఆక్రమణ’ అనే మాట వచ్చింది. ఆ మాటకు మూలం 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టం. సాగుకు పనికిరాని కొండ, గుట్ట, పోరంబోకు సర్కారుది. అందులో నిలబడ్డవాడు దోషి. వలసపాలకుడి ఖజానా కోసం పుట్టిన ఆ తర్కాన్ని మన రెవెన్యూ వ్యవస్థ ఇప్పటికీ మోస్తోంది. ప్రజల ఆస్తిని సొంతానికి వాడుకోవడమే నేరమైతే, ఆనకట్ట నీరు ఎవరి పొలం ధరను పెంచింది? ప్రజాధనంతో వచ్చిన రోడ్డు, బైపాస్, ఫ్లైఓవర్ ఎవరి స్థలాన్ని కోట్లకు చేర్చాయి? వాటిని అభివృద్ధి ఫలాలు అంటాం. రెండు బండల మధ్య మట్టి నింపి, తల మీద ఇసుక మోసుకెళ్లి, సొంత కష్టంతో కట్టుకున్న అరవై గజాల ఇంటిని ఆక్రమణ అంటాం.

ఇదే తర్కం నది అవతలి ఒడ్డున మన కళ్ల ముందే పునరావృతమైంది. అమరావతి కోసం 29 గ్రామాల పరిధిలో దాదాపు 34 వేల ఎకరాలను సమీకరించినప్పుడు పట్టాదారు రైతుకు అభివృద్ధి చేసిన నివాస, వాణిజ్య స్థలాలు, ఏటా కౌలు పరిహారం ప్రకటించారు. అదే భూమి మీద బతికిన భూమిలేని కూలి కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను నిర్ణయించారు. ఎక్కువగా దళితుల చేతుల్లో ఉన్న అసైన్డు భూములకు మొదట పట్టా భూములకన్నా తక్కువ ప్యాకేజీ ఇచ్చారు. ప్రభుత్వాల రంగులు మారుతుంటాయి. భూమి ఉన్నవాడు భాగస్వామి, లేనివాడు లబ్ధిదారు అనే వర్గీకరణ మాత్రం మారదు.

ఇక్కడ వామపక్షాల పాత్రను ప్రస్తావించకపోతే అన్యాయం. 1981లో విజయవాడ నగరపాలక సంస్థ అయినప్పుడు తొలి మేయరు కమ్యూనిస్టు పార్టీకి చెందిన టి.వెంకటేశ్వరరావు. కొండలకు మెట్లు, కుళాయిలు, వీధిదీపాలు రావడంలో ఎర్రజెండా పోరాటాల వాటా పెద్దది. కొండవాసులు దాన్ని మరవలేదు. అయితే ఆ పోరాటాలు వాళ్లను ‘పేదలు’ అని పిలిచాయి. వాళ్లు ఎందుకు పేదలయ్యారో చెప్పే కులం అనే మాటను దాటవేశాయి. ఆంధ్ర కమ్యూనిస్టు నాయకత్వానికీ డెల్టా భూస్వామ్య కులాలకూ ఉన్న సంబంధాన్ని సెలిగ్ హారిసన్ 1956లోనే చర్చకు పెట్టాడు. అతని సూత్రీకరణతో పూర్తిగా ఏకీభవించనక్కర లేదు. కానీ మెట్లు అడిగిన ఉద్యమం పట్టాను అంతే పట్టుదలతో ఎందుకు అడగలేకపోయిందన్న ప్రశ్నకు సమాధానం వెతకాలంటే ఆ చర్చను తప్పించుకోలేం.

ఇక భద్రత వాదన. ఇది తేలిగ్గా తీసిపారేయవలసిన వాదన కాదు. 2024 ఆగస్టు 31న కుండపోత వర్షానికి మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటర్ దగ్గర కొండచరియలు ఇళ్ల మీద విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఆ చోటు పేరు గమనించండి. నగరం గోడలకు సున్నం ఇచ్చిన బట్టీల పేరు అది. కొండ ప్రమాదకరం కనుక వీళ్లను కిందికి తరలించాలని ఆ వెంటనే అనేకులు సూచించారు. సరే, కిందికి తరలించిన పేదల సంగతేమిటి? ఆ మరునాటి నుంచే బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీలను రోజుల తరబడి ముంచింది. వాంబే అంటే వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన, మురికివాడల ప్రజల కోసం 2001లో కేంద్రం తెచ్చిన గృహపథకం. అంబేడ్కర్ పేరుతో ఇచ్చిన ఇళ్లు వరదనీటిలో నానాయి. కొండ మీద ఉంటే రాయి, కింద ఉంటే నీరు. పేదల కోసం రాజ్యం ఎంచుకున్న నేల కూడా ధర లేని నేలే.

అదే వరదలో మరో దృశ్యం ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చినా కృష్ణలంక చాలావరకు నిలిచింది. కారణం నది అంచున కట్టిన రక్షణగోడ. ఒకప్పుడు ప్రతి వరదకూ మునిగే ఆ పేటను ఖాళీ చేయించాలన్న మాటలు అక్కడా వినిపించేవి. గోడ కట్టాక మాట మారింది. దుర్గగుడి దారిలో కొండరాళ్లు జారిపడుతుంటే భక్తుల రక్షణకు ఇనుప వలలు బిగించారు. చేయవలసిందే. ఏటా కొన్ని గంటలు కొండెక్కే భక్తుడి తల ఎంత విలువైనదో, ఏడాది పొడవునా కొండ మీదే పడుకునే పిల్లవాడి తల కూడా అంతే విలువైనది కదా. సాంకేతిక పరిజ్ఞానం మన దగ్గర లేక కాదు. ఎవరి తల మీది రాయి మనకు కనిపిస్తుందన్నదే సమస్య.

హాంకాంగ్‌లో 1972, 1976లలో కొండవాలు నివాసాల మీద చరియలు పడి అనేకమంది మరణించాక, 1977లో కొండవాలుల భద్రతకే ఒక ప్రత్యేక సాంకేతిక కార్యాలయం ఏర్పాటు చేశారు. కొలంబియాలోని మెడెజీన్ నగరం 2004లో కొండ మీది పేదవాడలను కేబుల్ కారుతో మెట్రోకు కలిపింది. ఆ నగరాల్లో సమస్యలన్నీ తీరిపోలేదు. కానీ కొండవాసి కూడా నగరవాసే అన్న ఒప్పుకోలు అక్కడ మొదలైంది.

పట్టా అంటే కాగితం కాదు, తరాల భవిష్యత్తు. నా దగ్గర చదివే విద్యార్థుల్లో కొండ మీది నుంచి వచ్చేవారుంటారు. వారి దగ్గర కుల ధ్రువపత్రం ఉంటుంది, ఆదాయ ధ్రువపత్రం ఉంటుంది, ఇంటి హక్కు పత్రం ఉండదు. 7.5 లక్షల రూపాయలకు మించిన విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ కోరతాయి. డెల్టాలో రెండెకరాలున్న ఇంటి పిల్లవాడు ఆ పొలం హామీతో విదేశీ విశ్వవిద్యాలయానికి వెళ్తాడు. తాత రాళ్లు కొట్టి, తండ్రి మూటలు మోసి కట్టిన కొండ మీది ఇల్లు బ్యాంకు దృష్టిలో ఇల్లే కాదు. ఇద్దరికీ ప్రతిభ సమానమే అనుకుందాం. ఒకరి తాతకు 1855లో నీరు వచ్చింది, మరొకరి తాతకు అదే ఆనకట్ట దగ్గర దినకూలి వచ్చింది. ‘ప్రతిభకు కులం లేదు’ అనేవారు ఈ హామీ పత్రానికి కులం ఉందో లేదో చెప్పాలి.

సుప్రీంకోర్టు 1985లో ఓల్గా టెలిస్ కేసులో జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కలిసే ఉందని చెప్పింది. కాలిబాట మీది మనిషి అక్కడ ఎందుకున్నాడంటే అతని పని అక్కడ ఉంది కనుక అని గుర్తించింది. అయితే తగిన నోటీసుతో ఖాళీ చేయించడాన్ని ఆ తీర్పు ఆపలేదు. మన పాలకులు ఆ తీర్పులోని మొదటి భాగాన్ని వదిలి నోటీసు భాగాన్నే పట్టుకున్నారు.

ఇప్పుడు ఏం చేయాలి? రాబోయే జనగణనలో కులగణన చేస్తామని కేంద్రం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. రాష్ట్రాల స్థాయిలో కులాల సంఖ్య తేల్చి ఊరుకుంటే రిజర్వేషన్ల శాతాల చర్చ దగ్గరే అది ఆగిపోతుంది. ఏ కులం నగరంలో ఏ నేల మీద, ఏ హక్కుతో నివసిస్తోందో వార్డు స్థాయిలో వెల్లడించాలి. షెడ్యూల్డ్ కులాల వర్గీకరణ అమలవుతున్న ఈ సమయంలో మాల, మాదిగ, రెల్లి కుటుంబాల నివాస హక్కులు విడివిడిగా తెలియడం మరింత అవసరం.

రెండు, విజయవాడలోని ప్రతి కొండనూ భూగర్భ నిపుణులతో, నివాసుల భాగస్వామ్యంతో సర్వే చేయించాలి. నిలబడగల వాలుల మీది ఇళ్లకు ఇంటి స్త్రీ పేర, బ్యాంకు అంగీకరించే సంపూర్ణ హక్కుతో పట్టా ఇవ్వాలి. రక్షణగోడలు, వాననీటి కాలువలు కట్టాలి. నిజంగా నిలబడని వాలుల మీద ఉన్నవారికి ముందు ఇల్లు చూపి, తర్వాత ఖాళీ చేయమనాలి. ఆ ఇల్లు పనికి నడిచి వెళ్లగల దూరంలో, వరద రాని నేల మీద ఉండాలి. నగరం నడిబొడ్డున ప్రభుత్వ స్థలాలు వాణిజ్య సముదాయాలకు దొరుకుతున్నప్పుడు మున్సిపల్ కార్మికుడి ఇంటికి ఎందుకు దొరకవు?

2024 జనవరిలో స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని ప్రతిష్ఠించి దానికి సామాజిక న్యాయ మహాశిల్పం అని పేరు పెట్టుకున్నాం. విగ్రహం ఎత్తు గురించి పార్టీలు వాదించుకున్నాయి. ఆ మహనీయుడు కోరినది ఎత్తు కాదు, నేలలో వాటా. దళిత, బహుజన, వామపక్ష శక్తులూ విద్యార్థి సంఘాలూ నిజంగా ఆయన వారసులమని నమ్మితే, వచ్చే నగరపాలక ఎన్నికలలో ఓటడగడానికి మెట్లెక్కే ప్రతి అభ్యర్థినీ ఒకటే అడగాలి: ఈ కొండ మీద ఎన్ని ఇళ్లకు, ఏ తేదీలోగా పట్టా ఇస్తారు? ఆనకట్టకు రాయి ఇచ్చిన కొండకు ఈ నగరం నూట డెబ్బై ఏళ్లుగా బాకీ పడి ఉంది. అడగవలసింది దానం కాదు, ఆ బాకీ.